కూడు ఎవరి నిర్ణయం?



పోయిన ఆదివారం రాసిన భాగం చదివి వరంగల్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. పీజీ చేస్తున్నాడు, విద్యార్థి సంఘంలో తిరుగుతున్నాడు. "అక్కా, రైతు ఉద్యమాలు, ఆహార సార్వభౌమత్వం అని మీరెందుకు రాస్తున్నరు? మనకు భూమే లేదు కదా. మనల్ని కూలికి పిలిచి, కూలి ఎగ్గొట్టి, ఎదురు తిరిగితే కొట్టినోళ్ళే కదా ఆ రైతులు?"

నాలుగు రోజులు జవాబు రాయలేకపోయాను. ఆ కోపం నాక్కూడా ఉంది. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో మన వాళ్ళ మీద పడింది కోటల్లో ఉండే జమీందార్లు కాదు, నాగలి బొమ్మ చూపించి మేం అన్నదాతలం అని చెప్పుకునే కులాల వాళ్ళు. అందుకే 'రైతే రాజు' అని ఎవరైనా అంటే నాకు వెంటనే చప్పట్లు కొట్టబుద్ధి కాదు.

అయినా తమ్ముడితో నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను. కొంచెం పొడుగైతది, ఓపిక పట్టండి.

మొన్న అమ్మ ఊరి నుంచి వస్తే మియాపూర్‌లో మా సందు చివర సూపర్ మార్కెట్‌కు తీసుకుపోయాను. అమ్మ ఏసీకి కొంగు కప్పుకుని ఒక్కొక్క అరా చూసుకుంటూ పోతోంది. ఒక చోట ఆగింది. "ఇదేందే, కొర్రలు సీసల పోసిన్రు?" నిజమే, తేనె సీసాల పక్కన గాజు సీసాల్లో కొర్రలు, సామలు, అండుకొర్రలు. ధర చెప్పాను. "కిలోకా?" అంది. అరకిలోకు అన్నాను. సీసాను దేవుడి పటంలా రెండు చేతుల్తో పట్టుకుని మళ్ళీ అక్కడే పెట్టేసింది.

ఇంటికి వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. మెట్లెక్కుతూ అంది: "గివి తిన్నమని బడిల చెప్పుకోవాలంటే నీకు సిగ్గుండె. యాదికున్నదా?"

యాదికుంది. మా నాయిన పటేలింట్లో జీతం ఉండేవాడు. కూలి గింజలుగానే వచ్చేది. పొద్దున జొన్న గట్క, రాత్రి జొన్న రొట్టె, కారం. హాస్టల్లో చేరాక, ఇంట్లో ఏం తింటారని పిల్లలు అడిగితే అన్నం అని అబద్ధం చెప్పాను. అమ్మ తన చిన్నతనంలో అన్నం ఎప్పుడు తిన్నదో లెక్క పెట్టి చెప్తుంది: దసరాకు, పీర్ల పండుగకు, ఎవరైనా చస్తే దినానికి. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు మా వాడలో చాలామంది ముసలోళ్ళకు అది కడుపు నిండటం కంటే పెద్ద సంగతి. పటేలింట్ల ఉడికేదే మన ఇంట్లనూ ఉడుకుతోంది. ఆ తెల్లన్నంలో ఉన్న గౌరవాన్ని చిరుధాన్యాల మీద ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులు ఎప్పటికీ అర్థం చేసుకోరు. 2025 ఉగాదికి రేషన్ షాపుల్లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం మొదలైనప్పుడు అమ్మ ఫోన్ చేసి మరీ చెప్పింది. నేను సంతోషపడ్డాను. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను.

తెలుగు సాహిత్యం చదివిన దాన్ని కాబట్టి మాటల దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. ఈ గింజలకు పుస్తకాల్లో పెట్టిన పేరు 'తృణధాన్యాలు'. తృణం అంటే గడ్డిపరక. తృణీకరించడం అనే మాట పుట్టింది దాంట్లోంచే. సర్కారు భాషలో 'ముతక ధాన్యాలు'. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం చేసింది, అదీ మన దేశం అడిగితేనే. ఆ ఏడాది ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో వీటికి 'శ్రీ అన్న' అని కొత్త పేరు వచ్చింది. మా అమ్మ తిన్నన్నాళ్ళూ గడ్డి, ముతక. షుగర్ వచ్చిన సాఫ్ట్‌వేర్ సార్లు తినటం మొదలుపెట్టాక శ్రీ. గింజ మారలేదు, తినే నోరు మారింది. మేం కూడు అనేదాన్ని కూడా అలాగే తిట్టు చేశారు. 'కూటికి లేనోడు' అంటారు గానీ 'భోజనానికి లేనోడు' అనరు.

2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ జరిగినప్పుడు నేను క్యాంపస్‌లో ఉన్నాను. రాళ్ళు పడ్డాయి, పోలీసులు వచ్చారు, రాత్రంతా హాస్టల్ గదుల్లో తలుపులేసుకుని కూర్చున్నాం. నా కంచంలో ఏముండాలో నువ్వెవడివి చెప్పడానికి అని మేం అడిగింది న్యాయమైన ప్రశ్న. ఇవాళ కూడా అడగాల్సిందే. కానీ మేం ఆ రోజు కంచం దగ్గరే ఆగిపోయాం. కంచంలోకి రాకముందు ఆ గింజ ఎవరి నేలలో మొలిచింది, విత్తనం ఎవరు అమ్మారు, ఏం విత్తాలో ఎవరు నిర్ణయించారు అని వెనక్కి నడవలేదు.

ఆహార సార్వభౌమత్వం అంటే ఆ వెనక్కి నడవటమే. పేరు బరువుగా ఉంది గానీ సంగతి సులువు. రేషన్ షాపులో 6 కిలోలు టైముకు వస్తే అది ఆహార భద్రత. ఆ 6 కిలోలు ఏ గింజ, ఎక్కడిది, ఎవరు పండించాలి అన్నది కూడా మన చేతిలో ఉంటే అది సార్వభౌమత్వం. లా వియా కాంపెసినా అని 1993లో ఏర్పడిన ప్రపంచ రైతు సంఘాల వేదిక ఉంది. 1996లో రోమ్‌లో ప్రపంచ ఆహార సదస్సు జరిగినప్పుడు ఈ మాటను ముందుకు తెచ్చింది వాళ్ళే. 2018 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి రైతుల హక్కుల ప్రకటన ఆమోదించింది. దాని మొదటి అధికరణంలోనే భూమి లేనివాళ్ళూ ఆ నిర్వచనంలోకి వస్తారని రాసి ఉంది. తమ్ముడూ, ఈ ఒక్క వాక్యం గుర్తు పెట్టుకో. మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు మియాపూర్ సంగతి. నేను రోజూ మెట్రో ఎక్కే ఈ ప్రాంతం ఎట్లా పుట్టిందో మీకు తెలుసు. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. 1999లో చంద్రబాబు ప్రభుత్వం విజన్ 2020 పత్రం విడుదల చేసింది. అందరూ అందులో కంప్యూటర్లే చూశారు. కానీ ఆ పత్రానికి పల్లె వైపు ముఖం కూడా ఒకటుంది. వ్యవసాయం మీద బతికే జనాన్ని 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలి, చిన్న కమతాలు పోయి పెద్దవి కావాలి, యంత్రాలు రావాలి, కంపెనీలతో ఒప్పంద సేద్యం రావాలి, జన్యుమార్పిడి విత్తనాలు రావాలి. మరి ఆ తగ్గే జనం ఎవరు? ఎక్కడికి పోతారు? పత్రంలో దానికి సరైన జవాబు లేదు. నాకు మాత్రం రోజూ పొద్దున ఏడింటికి రోడ్డు పక్క అడ్డా మీద కనపడుతుంది. పాలమూరు నుంచి, నారాయణఖేడ్ నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చి, టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని మేస్త్రీ కోసం నిలబడ్డ మనుషులు. డబ్బాలో అన్నం, పచ్చి పులుసు.

ఆ పత్రాన్ని ముందే చదివి తీర్పు చెప్పిన వాళ్ళున్నారు. 2001 జూన్ చివర్లో మెదక్ జిల్లాలో 'ప్రజాతీర్పు' అని ఒక జ్యూరీ కూర్చుంది. జడ్జీలు చిన్న సన్నకారు రైతులు, కూలీలు, ఎక్కువమంది ఆడవాళ్ళు, చాలామంది దళితులు. ప్రభుత్వం వాళ్ళు, కంపెనీల వాళ్ళు, శాస్త్రవేత్తలు వాళ్ళ ముందు నిలబడి సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. అంతా విని వాళ్ళు ఇచ్చిన తీర్పు: జనాన్ని నేల మీది నుంచి తగ్గించే ఆలోచన మాకొద్దు. కూలి పోగొట్టే యంత్రాలొద్దు. ఒప్పంద సేద్యం వద్దు. జన్యుమార్పిడి పంటలొద్దు, విటమిన్-ఎ బియ్యంతో సహా. మా విత్తనం, మా ఎరువు, మా అడవి మా చేతిలో ఉండాలి.

అప్పుడు నేను బడి పిల్లను, నాకేం తెలియదు. పీహెచ్‌డీ చేసేటప్పుడు లైబ్రరీలో దాని నివేదిక చేతికి వచ్చింది. మన ఆడవాళ్ళు ముఖ్యమంత్రి కలను పేరా పేరా విప్పి పక్కన పెట్టారన్న సంగతి నాకు ఎంఏ దాకా ఏ మాస్టారూ, ఏ సంఘమూ చెప్పలేదు. మనకు చెప్పిన రైతు ఉద్యమాల చరిత్రలో ఆ వారం లేదు.

మియాపూర్‌లో బస్సెక్కితే ముంబై హైవే మీద పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట దాటి రెండు గంటలకు జహీరాబాద్. దారిలోనే ఇక్రిశాట్. జొన్న, సజ్జ, కంది, శనగ మీద పరిశోధనకు 1972లో పెట్టిన సంస్థ. మన అవ్వల చేతుల మీదుగా వచ్చిన వేల రకాల గింజలు అక్కడ చల్లటి గదుల్లో భద్రంగా ఉన్నాయి. ఇంకో గంటకు పైగా ముందుకు పోతే అవే గింజలు ఈత బుట్టల్లో, బూడిద, వేపాకు కలిపి, పైన మట్టి మెత్తి పెట్టిన ఇళ్ళు కనిపిస్తాయి. ఆ ఇళ్ళు మన వాడల్లో ఉన్నాయి. నాకు ఈ రెండో విత్తనాల గది మీదే నమ్మకం ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఏటా విత్తుతారు.

1983లో అక్కడ పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. ఊరూరా ఆడవాళ్ళ సంఘాలు, అందులో అత్యధికం దళిత ఆడవాళ్ళు. భూమి ఉంటే ఎకరమో రెండెకరాలో, అదీ సర్కారు పంచిన రాళ్ళ నేల. ఆ నేలలు చాలావరకు పడావు పడి ఉన్నాయి. దున్నటానికి ఎడ్లు లేవు, పెట్టుబడి లేదు, దుకాణంలో బియ్యం వస్తున్నాయి. 1990ల నడుమ సంఘం ఆడవాళ్ళు ఒక పని చేశారు. పడావు భూమి దున్నటానికి, పెంట తోలటానికి, విత్తటానికి పెట్టుబడి అప్పుగా ఇవ్వాలి. ఆ అప్పు డబ్బుగా కట్టొద్దు, కొన్నేళ్ళ పాటు జొన్నలుగా కట్టాలి. ఆ జొన్నలు ఊళ్ళోనే నిల్వ పెట్టి, కూలి దొరకని నెలల్లో బీద ఇళ్ళకు తక్కువ ధరకు అమ్మాలి. ఎవరు బీద? ఎమ్మార్వో కాదు తేల్చింది. నేల మీద ముగ్గుతో ఊరి పటం గీసి, ఇల్లిల్లూ గుర్తు పెట్టి, ఏ ఇంట్లో పొయ్యి ఎన్నిపూటలు వెలుగుతుందో ఆ ఆడవాళ్ళే తేల్చారు. మొదట్లోనే సుమారు 2,500 ఎకరాల పడావు భూమి సాగులోకి వచ్చింది.

నేను ఈ సంగతి చెప్పినప్పుడల్లా చదువుకున్న మిత్రులు 'ఓహో, ఆర్గానిక్' అంటారు. అది కాదు అసలు విషయం. రేషన్ వ్యవస్థకు ఉండే అన్ని పనులూ, అంటే గింజ ఎంచుకోవటం, పండించటం, నిల్వ చేయటం, ధర కట్టటం, ఎవరికివ్వాలో తేల్చటం, తరతరాలు ఊరి చివర నిలబెట్టిన ఆడవాళ్ళ చేతిలోకి వచ్చాయి. ఊళ్ళో తిండి గింజలు పెట్టే చేయి అయినప్పుడు, పటేలింటి ముందు చేయి చాపాల్సిన అవసరం తగ్గుతుంది. కులానికి తగిలే దెబ్బ అక్కడుంది.

ఒక ఎకరంలో పది, పదిహేను రకాలు కలిపి వేస్తారు. పచ్చజొన్న, కంది, కొర్ర, సామ, అనుములు, నువ్వులు, పుంటికూర. నల్లరేగడిలో యాసంగికి చుక్క నీళ్ళు పెట్టకుండా మంచు మీదే పండే తెల్లజొన్న, శనగ, కుసుమలను వాళ్ళు 'సత్యం పంటలు' అంటారు. విత్తకుండానే చేల మధ్య వచ్చే జొన్నచెంచలి, గునుగు, తుమ్మికూర లాంటివి భూమి లేని ఇంటికి కూడా కూర. గడ్డిమందు కొట్టిన చేనులో ఆ కూర ఉండదు. దాన్ని మనం కలుపు ఖర్చు తగ్గిందని రాసుకుంటాం. కలుపు తీసే కూలి పోయింది, వండుకునే ఆకు పోయింది. ఈ రెండు నష్టాలూ ఏ లెక్కల పుస్తకంలోకీ ఎక్కవు.

2008 అక్టోబర్‌లో మాచునూరు నుంచి వాళ్ళ సంఘం రేడియో మొదలైంది. జనరల్ నర్సమ్మ లాంటి వాళ్ళు మైకు పట్టుకున్నారు. అంతకు ముందే కెమెరా పట్టి, బీటీ పత్తితో దెబ్బతిన్న వరంగల్ రైతుల దగ్గరికి పోయి సినిమా తీశారు. 2019లో ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. సంస్థల మీద మనకుండే అనుమానాలు నాకూ ఉన్నాయి. విదేశీ నిధులు, అవార్డులు, డాక్యుమెంటరీలు, మన అవ్వల ఫొటోలు క్యాలెండర్లలో. ఎనభై ఊళ్ళు కూడా దాటని పని రాష్ట్రానికి దారి ఎట్లా అవుతుందని అడిగితే నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ బుట్టలో విత్తనం సంస్థది కాదు, ఆమెది. నేను మాట్లాడేది ఆమె గురించి.

ఇక తమ్ముడి ప్రశ్న. రైతు ఎవరు?

'మాలపల్లి' (1922) పాఠం చెప్తూ క్లాసులో అడిగాను, ఈ నవలలో రైతు ఎవరని. అందరూ ఒక్క గొంతుతో "చౌదరయ్య" అన్నారు. రామదాసు పేరు ఒక్కరూ ఎత్తలేదు. వాళ్ళలో సగం మంది మన పిల్లలే. వందేళ్ళ తర్వాత కూడా మాల మనిషిని రైతు అనటానికి మన నాలుకే తిరగటం లేదు.

సర్కారుకు ఇంకా తిరగదు. తెలంగాణ పోరాటం అనగానే తలుచుకునే చాకలి ఐలమ్మ పాలకుర్తిలో కౌలు భూమిలో పండించుకున్న గింజలు విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల పాలు కాకుండా నిలబడింది. గొడవంతా పండిన గింజ ఎవరింటికి చేరాలన్నదే. ఆమె ఇవాళ బతికుంటే, పట్టా లేని కౌలుదారు కాబట్టి 2018లో మొదలైన రైతుబంధులో ఒక్క రూపాయి వచ్చేది కాదు. 2025 జనవరి 26న రెండు పథకాలు కలిసి మొదలయ్యాయి. పట్టా ఉన్నవాళ్ళకు రైతు భరోసా, ఎకరానికి ఏడాదికి 12,000. భూమి లేని కూలీ కుటుంబానికి ఇందిరమ్మ ఆత్మీయ భరోసా, కుటుంబం మొత్తానికి ఏడాదికి 12,000, అదీ ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉంటేనే. పదెకరాల పట్టాకు 1,20,000. మా అమ్మలాంటి వాళ్ళ ఇంటిల్లిపాదికీ ఒక్క ఎకరం లెక్క.

2014 ఆగస్టు 15న దళిత కుటుంబానికి మూడెకరాలన్నారు. కొద్ది వేల కుటుంబాల దగ్గర ఆగింది. 2021లో దళితబంధు వచ్చింది, భూమి మాట పోయి 10 లక్షల మాట వచ్చింది. ట్రాక్టర్ వచ్చింది కొందరికి, దున్నటానికి చేను రాలేదు.

రైతు ఉద్యమాలూ మారాలి, నేను వాళ్ళను వదిలిపెట్టను. 2020 నవంబర్ నుంచి ఏడాదిపాటు ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చుని మూడు చట్టాలను వెనక్కి కొట్టిన పోరాటానికి నేను మనస్ఫూర్తిగా దండం పెడతాను. కానీ అదే 2020 ఎండాకాలంలో పంజాబ్‌లో కొన్ని ఊళ్ళు నాట్ల కూలికి ఇంతకు మించి ఇవ్వొద్దని తీర్మానాలు చేశాయి. ఆ కూలీలు దళితులు. అదే పంజాబ్‌లో, సంగ్రూర్ వైపు, పంచాయతీ భూమిలో చట్టం చెప్పిన మూడో వంతు కోసం జమీన్ ప్రాప్తి సంఘర్ష్ కమిటీ కింద దళితులు ఏళ్ళుగా కొట్లాడుతున్నారు. రెండూ రైతు ఉద్యమాలే. మొదటిది టీవీలో చూశాం. రెండోది నేను వెతుక్కుని చదవాల్సి వచ్చింది.

ఈ మాటలన్నీ జహీరాబాద్‌లో ఇప్పుడు నేల మీదికి దిగాయి. న్యాల్కల్, ఝరాసంగం మండలాల్లో 17 ఊళ్ళ నుంచి 12,635 ఎకరాలు తీసుకుని జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి పెట్టడానికి 2016లో ఆమోదం వచ్చింది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం అక్కడే పారిశ్రామిక స్మార్ట్ సిటీకి సరే అంది. సత్యం పంటలు పండే రేగడి అది. ఆ భూముల్లో అసైన్డ్ భూములున్నాయి, అంటే మన వాళ్ళకు ఇందిరమ్మ కాలం నుంచి ఇచ్చినవి. అమ్ముకునే హక్కు లేదని 1977 చట్టం. అది మనల్ని కాపాడటానికే పెట్టారు, మంచిదే. కానీ సర్కారుకు అవసరమైనప్పుడు అదే చట్టం చూపించి, ఇది నీది కాదు మేమిచ్చిందే అంటారు. 2004లో మేకల పండు కేసులో హైకోర్టు పెద్ద బెంచి స్పష్టంగా చెప్పింది: అసైన్డ్ భూమి తీసుకున్నా పట్టా భూమితో సమానంగా పరిహారం కట్టాలని. ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ ఊళ్ళో అసైన్డ్ అనగానే ధర ఒక మెట్టు కిందికి దిగుతుంది.

అంటే ఇట్లా అవుతోంది చూడండి. మా సందు చివర సీసాలో కొర్రల ధర పెరుగుతోంది. ఆ కొర్రలను ఇన్నేళ్ళు కాపాడిన చేతుల కింది నేల తరుగుతోంది. భూమి లేకుండా విత్తనం ఎన్నాళ్ళుంటుంది? బుట్టలో రెండేళ్ళు, మూడేళ్ళు. ఆ తర్వాత పురుగు.

తమ్ముడూ, మనకు భూమి లేదు కాబట్టి ఇది మన ఉద్యమం కాదన్నావు. మనకు భూమి లేదు కాబట్టే ఇది ముందు మనది. రైతు అన్న మాటను పట్టాదారుల దగ్గర వదిలేస్తే భూమి అడిగే నోరు కూడా వాళ్ళకే వదిలేసినట్టు. ఐక్యరాజ్యసమితి కాగితం మీద భూమి లేనివాళ్ళనూ కలిపి రాసిన ఆ ఒక్క వాక్యాన్ని మన ఊరి గ్రామసభలో చదివే పని మనదే.

ఒక పని అడుగుతాను. సెలవులకు ఊరికి పోతున్న విద్యార్థి మిత్రులు మీ ఊళ్ళో మూడు సంగతులు కనుక్కోండి. మన వాడకు మొత్తం ఎన్ని ఎకరాలు అసైన్ అయ్యాయి? కాగితం ఎవరి పేరు మీద ఉంది? ఇవాళ ఆ చేను దున్నుతున్నది ఎవరు? తహసీల్దార్ ఆఫీసులో అడిగితే తిప్పుతారు, సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. దానికంటే ముందు మీ అవ్వను అడగండి, ఆమెకు గట్లతో సహా తెలుస్తుంది. మా ఇంటి లెక్క నేను మొదలుపెట్టాను. ముప్పై గుంటలు, 1990ల్లో కరువు ఏడాది ఐదు బస్తాల వడ్లకు ఒకరి దగ్గర కుదువ పెట్టారు. కాగితం ఇప్పటికీ మా తాత పేరు మీదే ఉంది. చేనులో పత్తి ఉంది. దున్నేవాడు అమ్మకు ఎదురుపడితే ఇప్పటికీ పేరు పెట్టి పిలుస్తాడు.

వచ్చే ఆదివారం ఆ ముప్పై గుంటల కథ రాస్తాను. జై భీమ్.